కొండెక్కే బండికి ఏ పెట్రోలు

“నీ బండేమన్నా గాలి తాగి నడుస్తాదా అన్నా? సెప్పు! మేమే పెట్రోలు పోయించుకుంటాండామా?”

“నా బండి ముచ్చట నీకెందుకురా షావలీ? నీ బండి నువ్వు నడుపుకో.”

“యాడ నడిపేది? నెలాఖరుకు ఎడారి నడిమధ్య ఆగిపోతే నువ్వొచ్చి తోస్తావా?”

“తోస్త. ఎప్పుడు తొయ్యలే?”

“ఈ ఎగతాళే వొద్దంటాండా. ఆఫీసోళ్ళ దగ్గర మంచి పేరు నీకు, మట్టి మా నోట్లో. ఏం మనిషివన్నా నువ్వు!”

శుక్రవారం మధ్యాహ్నం. దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమా ఊరి బయట మా లేబర్ క్యాంపు. వంటగది గోడకి ఇవతల నేను బట్టలు ఆరేస్తున్నాను. లోపల గిన్నె ఒకటి కిందపడింది, లేదా ఎవరో పడేశారు. షావలి బయటికొచ్చి నన్ను చూసి, “మీ ఆశన్నకు సెప్పు, మనుషుల మధ్య బతకాలని” అని వెళ్ళిపోయాడు. వాడిది రాయచోటి. కోపం వచ్చినంత తొందరగా పోయే మనిషి. ఈసారి పోలేదు.

అది 2016 ఎండాకాలం. జెబెల్ జైస్ కొండ మీద వ్యూ పాయింట్ కట్టే పని మా కంపెనీది. నేను స్టోర్ గుమస్తాని. కంపెనీ పికప్‌లన్నీ పెట్రోలువే. ఆ వారం దుబాయ్ ఆఫీసు నుంచి మా ట్రాన్స్‌పోర్ట్ ముదీర్, అంటే మేనేజర్, వీరరాఘవరావు గారు వచ్చి, యార్డులో డ్రైవర్లందరినీ ఎండలో నిలబెట్టి, “రోజూ కొండెక్కే ఆశన్న బండికే ఇంత చాలితే, చదును రోడ్డు మీద తిరిగే మీ బండ్లకి ఎక్కువెందుకయ్యా? మిగతాది ఎవడు తాగుతున్నాడు?” అని అడిగాడు. ఆశన్న బండి వాడకం ఎంతో అదే అందరికీ హద్దు చేసేసి దుబాయ్ కరామాలో ఉన్న తన ఫ్లాటుకి వెళ్ళిపోయాడు.

ఆశన్న బండి తక్కువెందుకు తాగుతుందో క్యాంపులో నాకొక్కడికే తెలుసు. అసలది తక్కువేం తాగడం లేదు.

ఆశన్నది మెట్‌పల్లి దగ్గర ఊరు. మొదట షట్టరింగ్ పనికి వచ్చాడు. అల్ ఖూజ్ క్యాంపులో ఉంటూ ఏళ్ళ తరబడి ఇనప పలకలు మోశాడు. మోకాళ్ళు అక్కడే పోయాయి. తర్వాత ముసఫ్ఫా క్యాంపులో ఉన్నప్పుడు శుక్రవారాలు కంపెనీ బండ్లు ఊరికే కడిగేవాడట, కడిగాక కాసేపు సీట్లో కూర్చోనిస్తారని. లైసెన్స్ టెస్టులో ఎన్నిసార్లు ఫెయిలయ్యాడో ఆయనకే గుర్తులేదు. పరీక్ష పెట్టే పోలీసాయన ఒకసారి ఈయన్ని చూసి, “నువ్వు మాకు చుట్టమైపోయావు” అని నవ్వాడట. మొత్తానికి పాసయ్యాడు. వీసాలో లేబర్ పోయి డ్రైవర్ అయింది.

లేబర్‌కీ డ్రైవర్‌కీ తేడా ఏముందని ఊళ్ళో వాళ్ళకి అనిపించొచ్చు. లేబర్‌ని బస్సులో లెక్కపెట్టి ఎక్కిస్తారు, లెక్కపెట్టి దించుతారు. డ్రైవర్ జేబులో తాళంచెవి ఉంటుంది. ఇంటి నుంచి భార్య గౌరవ్వ ఫోన్ చేస్తే ఆశన్న ముందు హారన్ కొట్టి తర్వాత హలో అనేవాడు. ఆవిడ అటు నుంచి, “ఇనవడ్డది తియ్, డ్రైవర్ సాబ్” అని నవ్వేది. సరదా సంగతి పక్కన పెడితే, ఆ మోకాళ్ళతో ఆయన మళ్ళీ షట్టరింగ్ చేయలేడు. బండి పోయిందంటే ఏదో ఓ మోత పనిలో నాలుగు రోజులు ఈడ్చి, ఆ తర్వాత ఖలాస్, ఇంటికి టికెట్టు. ఇది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక పెట్రోలు సంగతి. ఇక్కడ మూడు రకాలు. తొంభై ఒకటి, అంటే ఈ-ప్లస్. తొంభై అయిదు స్పెషల్. తొంభై ఎనిమిది సూపర్. అంకె పెరిగితే బలం పెరుగుతుందని సగం మంది డ్రైవర్ల నమ్మకం. ఆ అంకె, ఆక్టేన్, చెప్పేది పెట్రోలు ఓర్పుని. ఇంజన్ లోపలి ఒత్తిడికీ వేడికీ తట్టుకుని, నిప్పు అంటించేదాకా అంటుకోకుండా ఉండటం. ఓర్పు చాలకపోతే ముందే అంటుకుంటుంది, ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. ఆశన్న పికప్‌కి తొంభై అయిదు పోయాలని ట్యాంకు మూత లోపలే రాసి ఉంది. 2015 ఆగస్టులో పెట్రోలు ధరలు మార్కెట్టుకి వదిలేశాక మా ఆఫీసు ఖర్చు చూసుకుని బండ్లన్నిటికీ తొంభై ఒకటి చేసింది. ట్యాంకు దగ్గర చిప్పు బిగించారు. బంకులో గొట్టం పెడితే చిప్పు చూసి కంపెనీ ఖాతాలో తొంభై ఒకటే వస్తుంది. డ్రైవర్ ఇష్టంతో పని లేదు.

ఒకసారి స్టోర్ సామాన్లతో నేనూ ఆయన బండిలో కొండకి వెళ్ళాను. వెనక నీళ్ళ క్యాన్లు, ఐసు, పైన పనిచేసే వాళ్ళ అన్నం డ్రమ్ములు. కొండ దారి మొదలయ్యే ముందు చివరి బంకులో ఆపాడు. బంకువాడు ఏమీ అడక్కుండానే సూపర్ గొట్టం తీశాడు.

“చిప్పు ఉంది కదా?” అన్నాను.

“చిప్పుకు తొంభై ఒకటే ఎర్క. కొండ ఉన్నదని దానికేం ఎర్క?”

“డబ్బులు నీ జేబులోంచా?”

“మరి నీ జేబులకెల్లి ఇస్తవా? తియ్యి.”

దారి పొడుగునా చెప్పి చూశాను. “ఆశన్నా, పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది. గాలి తగ్గితే లోపల ఒత్తిడి తగ్గుతుంది. పైన తొంభై ఒకటే సరిపోతుంది. కింద, ఈ ఎండలో ఇంత బరువుతో ఎక్కడం మొదలుపెట్టే చోట తొంభై అయిదు కావాలి. సూపర్ ఎక్కడా అక్కర్లేదు.”

“మరి సూపర్ పోసినంక ఇంజను మొత్తుకుంటలేదు గదా?”

“స్పెషల్ పోసినా మొత్తుకోదు.”

“సూపర్ పోసినా పైకి పోయినంక గుంజుడు తక్కువైతది. ఎందుకు మరి?”

“గాలి చాలక. నీకు పైన ఆయాసం రాదా?”

“అస్తది. గందుకే బలమైంది పొయ్యాలె అంటున్న.” స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టాడు. “కాలేజీల సార్లు చెప్పిందే ఇనక ఇడిశిపెట్టి అచ్చినోనివి. నీ మాట నేనినాల్నా?”

కిటికీ దించి రాళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట ఒప్పుకోవాలి. మరో బండిలో, తొంభై ఒకటితో అదే కొండెక్కడం నేను విన్నాను. రేకు డబ్బాలో కంకర వేసి ఊపినట్టుంటుంది. రోజూ వినేవాడు ఏదో ఒకటి చేయకుండా ఉండలేడు.

అలా ఆయన సొంతంగా పోసిందంతా ఆఫీసు లెక్కకి రాలేదు. చిప్పులో ఆయన బండి పొదుపు బండి అయింది. ఆ పొదుపు అందరి మెడకీ చుట్టుకుంది.

షావలి గొడవ రోజు సాయంత్రమే ఆశన్నకి చెప్పాను, “రావు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి. అందరి పెట్రోలూ మామూలైపోతుంది.”

“చెప్తె బండి గుంజుకుంటరు. యార్డు గోడకు రాసిపెట్టలేదా, చిప్పు లేకుంట పోస్తే తాళం ఇచ్చుడేనని?”

“అయితే పోయడం మానెయ్యి.”

“మానేస్తే వచ్చే నెల నా బండిది ఎక్కువ కనవడ్తది. ‘గిప్పుడెందుకు పెరిగింది, ఎవనికి అమ్మినవ్’ అంటడు. దొంగనైత గదా తమ్మీ.”

మూడో రోజు ఆశన్న తనే వచ్చి, దారి దొరికిందన్నాడు. సూపర్ మానేస్తాడట. ఆఫీసు హద్దులోనే నడుపుతాడట. ఏసీ ఆపేస్తాడు. కొండ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తాడు. “దిగేటప్పుడు బండి దానంతట అదే జారుతది. పెట్రోలు ఎందుకు దండుగ?”

వద్దని అరిచాను. ఆ దారిలో మలుపు మలుపుకీ బోర్డులున్నాయి, చిన్న గేరులో దిగమని, లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడి కాలిపోతాయని. పైగా అది ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి. గేరులో దిగితే పెట్రోలు అసలు తాగదు, న్యూట్రల్‌లోనే తాగుతుంది. ఆయన మిగిల్చేదేమీ లేదు. ఇదంతా చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. అంటే విననని అర్థం.

ఆ నెల సగం గడిచాక ఒక మధ్యాహ్నం ఫోన్. “తమ్మీ, బ్రేకు ఇంటలేదు. బండిని గుట్టకు ఆనిచ్చిన. మంచిగనే ఉన్న.” గొంతు మాత్రం మంచిగా లేదు. షావలిని లేపాను. వెంటనే బండి తీశాడు.

లోయ వైపు పోనీయకుండా రాతి గోడ వైపు తిప్పాడు ఆశన్న. ముందు భాగం కుడివైపు నలిగిపోయింది. చక్రాల దగ్గర కాలిన వాసన ఇంకా పోలేదు. ఖాళీ అన్నం డ్రమ్ములు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. ఆయన నుదుటి మీద చిన్న గాటు, అంతే. డ్రమ్ములు ఏరుతున్నాడు.

షావలి చక్రాలు చూశాడు, గేరు చూశాడు. “న్యూట్రల్‌లో దిగినావా అన్నా?”

“ఊఁ.”

“ఎందుకు?”

ఆశన్న ఇంకో డ్రమ్ముకి వంగాడు. నేను చెప్పాను, మొదటి నుంచీ. షావలి రోడ్డు మీదే చతికిలబడ్డాడు. “సొంత డబ్బుల్తో కంపెనీ బండికి సూపర్ పోసేటోణ్ణి దుబాయ్ మొత్తంలో నిన్నొక్కణ్ణే చూచ్చాండా. ఆ మాట ఆరోజు వంటగదిలో అంటే నీ నోరు పడిపోతాదా?” తర్వాత లేచి తనూ డ్రమ్ములు ఏరడం మొదలుపెట్టాడు.

రావు గారు మర్నాడు వచ్చాడు. ఆశన్న అంతా ఒప్పుకున్నాడు. రావు గారు చెయ్యెత్తి ఆపేశాడు. “సూపర్ ఎవడు పొయ్యమన్నాడయ్యా నిన్ను? ఎత్తుకి వెళ్ళేకొద్దీ తక్కువ ఆక్టేన్ చాలని నేను చదివే పెట్టాను.”

“సార్, ఆ కొండకి కింది వైపు కూడా ఒకటుంది” అన్నాను. “నలభై అయిదు డిగ్రీల ఎండలో, నిండు బరువుతో. అక్కడ మీ తొంభై ఒకటి చాలదు. ట్యాంకు మూత తీసి చదవండి.”

ఆయన మూత తీయలేదు. “నువ్వు స్టోర్ చూసుకోవయ్యా” అన్నాడు. కోప్పడలేదు. అదే ఇంకా చిరాకేసింది.

తేలిందేమిటంటే, తొంభై ఒకటే ఉంటుంది. హద్దు అదే ఉంటుంది, మొన్నటిదాకా సరిపోయిందిగా అని. బండి గ్యారేజీ నుంచి రాగానే కొండ డ్యూటీ షావలికి. ఆశన్న అదే బండి మీద హెల్పర్. నీళ్ళ క్యాన్లు ఎత్తాలి, దించాలి. షావలి తనకి వద్దన్నాడు. “వద్దంటే నీకూ వేరే పని చూస్తా” అన్నాడు రావు గారు. వాడికీ ఇల్లుంది.

నేను వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాను, ఇక్కడ ఎక్కువ రోజులుండను. ఆ సంగతి ఆశన్నకి ఎలాగో తెలిసింది. బండి గ్యారేజీ నుంచి వచ్చిన రోజు పొద్దున స్టోర్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. యార్డులో షావలి ఇంజన్ ఆన్ చేసి చూస్తున్నాడు. ఆశన్న అటు తిరగలేదు. ఫోన్ మోగితే చూసి, ఆపి, జేబులో పెట్టుకున్నాడు.

“గౌరవ్వేనా?” అన్నాను.

“నడుపుతున్నననుకుంటది, తియ్.” గుమ్మం చెక్క గోకాడు. “తమ్మీ, రావు సారు మీ దిక్కాయన గదా.”

“నా మాట వినడు ఆశన్నా. చూశావుగా.”

“డ్రైవర్ పని ఇయ్యుమని అడుగుమంటలేను. మోత పనే ఇయ్యమను, షట్టరింగైనా చేస్త, మోకాళ్ళు పోతే పోతయ్. గా బండి మీద మాత్రం ఎక్కియ్యద్దని చెప్పు. తొంభై ఒకటి పోసి కొండెక్కిస్తుంటే, పక్కకు కూసోని గా ఇంజను మొత్తుకునుడు నేను ఇనలేను. నువ్వు పోయేలోపల ఒక్కసారి అడిగి చూడు.”