నూనె పోయక ముందు

పొద్దున్నే పొయ్యి మీద గంజి ఉడుకుతుంటే, ఆ జొన్న వాసనతో పాటు వీధి చివరి అన్నదానం పందిట్లోంచి మైకు గోల కూడా ఇంట్లోకి వచ్చిపడింది. వడ్డన ఇంకా మొదలుకాలేదు. దాతల పేర్లు మాత్రం చదువుతూనే ఉన్నారు, వాళ్ల తండ్రుల పేర్లతో సహా. జనం ఎండలో నిలబడి ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మంట నాకు అంటించిన మనిషి నర్సవ్వ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. గద్వాల నేతగాళ్ల వాడలో మా ఎదురిల్లే ఆమెది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను ఆ వాడకు కోడలిగా వచ్చాను. భర్త పోయాక నర్సవ్వ ఒక్కతే మగ్గం నడుపుకునేది. ఆడది మగ్గం గుంటలో దిగి కూర్చోవడమేమిటని చాలామంది ముక్కున వేలేసుకునేవారు. ఆమె ఎవరినీ లెక్కచేసేది కాదు. నాకు నేత నేర్పింది ఆమే, నోరు నేర్పిందీ ఆమే. అందుకు మా అత్త ఆమెను ఎన్ని తిట్లు తిట్టిందో!

మా వాడలో ఒక రివాజు ఉండేది. మగ్గం ఎక్కించబోయే నిలువు పోగుల్ని పడుగు అంటాం. దాన్ని వీధి పొడవునా సాచి కట్టి, గంజి పట్టించి, ఆరిపోకముందే కుంచెలతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదది. అందుకని ఎవరి పడుగు వీధిలోకి వచ్చినా అందరూ తమ పని వదిలి తలా ఒక చెయ్యి వేసేవారు. కూలి లేదు, పిలుపూ లేదు. కొత్తలో నాకిది వింతగా ఉండేది. "మనతోటి మాటలు లేనోళ్లింటికి గూడ పోవాల్నా అవ్వా?" అని అడిగాను. "పడుగు ఎండకు ఎండుతుంటె మాటలున్నయా లేవా అని సూస్తవానే? నడువు నడువు" అని నన్ను ముందుకు తోసింది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పానగల్ వైపు మెట్ట ఊళ్ల నుంచి రైతులు పిల్లాపాపలతో గద్వాలకు వచ్చిపడ్డారు. మా వాడకంతా నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఇల్లు వీధి మలుపులోనే ఉండేది. ఆయన తన వాకిట్లో అంబలి పోయించడం మొదలుపెట్టాడు. మంచిపనే, కాదనను. కానీ ముంత పట్టేముందు ప్రతివాళ్లూ "సేటు సల్లగుండాలె" అని గట్టిగా అనాలి. గొంతు పెగలని ముసలివాళ్ల చేత మళ్లీ అనిపించేవారు. ఏం మనుషులో! ఆకలితో ఉన్నవాడి గొంతు కూడా వీళ్లకే కావాలి.

ఒకనాడు ఆ దానం చూడటానికి పెద్ద హాకిం, అంటే సర్కారు అధికారి, వస్తున్నాడని కబురొచ్చింది. అంబలి పొద్దున్నే కాగింది. ఆయన వచ్చేదాకా గంగాళం మూత తీయొద్దన్నాడు షావుకారు. జనాన్ని వరసలో నిలబెట్టారు. ఎండ ఎక్కింది. హాకిం జాడ లేదు.

ఆ రోజే నర్సవ్వ పడుగు వీధిలో సాచి ఉంది, అదీ ఆ షావుకారు చీర కోసమే. గంజి కాచి దించాం. పోగులు మెత్తబడాలని అందులో కాస్త నూనె కలుపుతాం. నేను నూనె గిన్నె ఎత్తాను. అంతలో వరసలోంచి ఒక తల్లి చంకన బిడ్డతో మా దగ్గరికి వచ్చింది. ఆ బిడ్డ ఏడవడం కూడా మానేసింది.

"అమ్మా, ఆ గంజి జర పొయ్యుండ్రి. పిల్ల కండ్లు తేలేస్తుంది" అంది.

నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు పిల్లా, నూనె పొయ్యకు."

"అవ్వా, గంజి లేకుంటె పడుగు పాడైతది. సేటు ఊకుంటడా?"

"ఊకోకుంటె ఏం జేస్తడు? ఉప్పు తే పో" అని కసిరింది.

గంజిలో ఉప్పు వేసి, ముందు బిడ్డకు తాగించింది. తర్వాత కుండను గడప మీద పెట్టుకుని వచ్చినవాళ్లకు వచ్చినట్టు పోసింది. చూస్తుండగానే వరస అంతా ఇటు తిరిగింది. షావుకారు ఉరికొచ్చాడు.

"ఏంది నర్సవ్వా గిది? హాకిం సాబ్ వచ్చే యాలకు నా వాకిలి ఖాళీ చేస్తవా? నేను పోస్తలేనా?"

"అంబలి కాగి ఎంతసేపాయె సేటూ? మూత ఎందుకు తియ్యవు?"

"పెట్టినోనికి పేరు రావద్దా? పేరు లేకుంట ఎవడన్న పెడ్తడా?"

నర్సవ్వ ముంచుతున్న ముంత ఆపలేదు. "నేతగాళ్ల వాడకొచ్చి గా మాటంటున్నవా? పడుగుకు చెయ్యేసినోళ్ల పేర్లు మేం ఏ చీర మీద నేసినం సేటూ?"

ఆయన మొహం మాడిపోయింది. "నా పడుగు నాకియ్యి. ఇగ నీకు పోగు గూడ ఇయ్య" అన్నాడు. గంజి లేక ఎండకు పాడైన పడుగును తన మనుషుల చేత చుట్టించుకుని పోయాడు. సాయంత్రం వచ్చిన హాకిం ఆయనకు దండ వేసి, ధర్మాత్ముడని పొగిడి వెళ్లాడు. ఇప్పుడు తలుచుకున్నా నా పళ్లు పటపటలాడతాయి.

అది యుద్ధకాలం. నూలు దొరకడమే గగనం. పట్టు అంచులు నేసిన నర్సవ్వ చేతులు చివరిదాకా ఎక్కడెక్కడో దొరికిన నూలుతో ముతక పంచెలు నేశాయి. ఆమెకు సాయం పోతే మీకూ నూలు బంద్ అని షావుకారు వాడంతా బెదిరించాడు. అయినా ఆమె ముతక పడుగు వీధిలోకి వచ్చిన పొద్దు, మాటలు లేనివాళ్లు కూడా కుంచెలు పట్టుకుని వచ్చారు. ఆయన ఎంతమందికి బంద్ చేస్తాడు? చేస్తే ఆయన చీరలు ఎవరు నేస్తారు? ఆ బిడ్డ బతికింది. ఆ తల్లి పేరేమిటో మేమెవరం అడగలేదు.

ఇలా నర్సవ్వ పేరు పదిమందికీ చెబుతున్నానని తెలిస్తే ఆమె నన్నే తిట్టేది. తిట్టనీ. షావుకారు పేరు ఊళ్లో రాతి మీద చెక్కి ఉంది, ఈమె పేరు ఒక్కసారైనా చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

నేనిప్పటికీ పడుగుకు గంజి కాస్తాను. నూనె గిన్నె ఎత్తగానే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఒకసారి వాకిట్లోకి వచ్చి చూసి వెళ్తాను. ఇవాళా చూశాను. మైకులో పేర్లు ఇంకా అయిపోలేదు. పందిరి ముందు ఎండలో ఒక చిన్నపిల్ల నిలబడలేక కూలబడింది. లోపలికొచ్చి నూనె గిన్నె కింద పెట్టి, గంజిలో ఉప్పు వేశాను.