వాలుగ చేప నోరు

దసరా సెలవులకి మనవరాలిని విజయనగరం నుంచి పొందూరు పంపిస్తూ, "దాన్ని కాస్త ఊరికే ఉండనీయే అమ్మా" అని మా అమ్మాయి ఫోన్‌లో బతిమాలింది. ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని నేను. మామిడికాయ కోసినా లెక్కే, వాన పడినా సైన్సే. ఈ జబ్బుకి మందు లేదని మా స్టాఫ్ రూములోనే ఎప్పుడో తేల్చేశారు.

ఊరికే ఉండనీయలేదు. పిల్లని రైలెక్కించి విశాఖలో అక్వేరియం చూపించడానికి తీసుకెళ్లాను. అద్దాల వెనక నీళ్లలో చేపలు తిరుగుతుంటే కాసేపు నోరు మూసుకుని చూడనిచ్చాను. నా మట్టుకు అదే గొప్ప. ఆ తర్వాత మొదలుపెట్టాను. పసుపు చేప మీద చారలెన్ని? చేప ఒక్కచోట నిలబడదాయె. పిల్ల అద్దం వెంట అటూ ఇటూ పరిగెత్తి, చివరికి నడుం మీద చేతులేసుకుని, "ఒకవైపు లెక్కెట్టి రెండుసార్లేసుకుంటే సరి, అమ్మమ్మా" అంది. ఆరేళ్ల పిల్ల! నాకు ఒళ్లు పొంగిపోయింది. పక్కన నిలబడ్డ వాళ్లంతా విన్నారో లేదోనని ఓసారి చూశాను కూడా.

అన్నిటికన్నా బాగా కుదిరింది నోళ్ల పాఠం. నోరు పైకి తిరిగి ఉన్న చేప నీటి మీద తేలేది తింటుంది. కిందికి ఉన్నది అడుగున వెతుక్కుంటుంది. అద్దానికి కరుచుకుపోయినది పాచి గీక్కుని బతుకుతుంది. "నోరు సూస్తే సాలు, అదేటి తింటాదో సెప్పేయొచ్చు" అని పిల్ల తీర్మానించేసింది. తిరుగు రైల్లో ఎదురు సీటు పెద్దాయన వేరుశనక్కాయలు నములుతుంటే ఆయన మూతికేసి తేరిపార చూసి, "ఈయన అడుగు సేప" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడు పొద్దున్నే పత్తి ముందేసుకుని కూర్చున్నాను. నూలు వడకడం మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని. ఉద్యోగం అయిపోయాక మళ్లీ దానికే వచ్చాను. మా ఊళ్లో గింజ తియ్యక ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతాం. గోదావరి వైపు నుంచి వస్తాయి ఆ దవడలు. సన్నటి పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. దుమ్మూ నలుసూ పోతాయి, పోగు తెగదు. సెలవులొస్తే పిల్ల నా మోకాలికి ఆనుకుని కూర్చుని, బుట్టలోంచి పత్తి తీసి, ఆకుముక్కలు ఏరి నా చేతికిస్తుంది. కబుర్లు చెబుతూనే ఉంటుంది. సెలవులంటే నాకు ఆ పూటలే. వాటి కోసమే మిగతా ఏడాదంతా ఎదురుచూస్తాను.

ఆవేళ పత్తి ఇవ్వబోయి ఆగింది. నా చేతిలోని దవడని అక్వేరియంలో చేపల్ని చూసినట్టే చూసింది.

"అమ్మమ్మా, ఇది నోరు."

"అవునే, వాలుగ సేపది."

"మరది ఎలాగ తింటాది?"

"సచ్చిపోయాక తీస్తారే తల్లీ" అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే. పిల్ల చేతిలోని పత్తి బుట్టలో పెట్టేసి, లేచి వీధరుగు మీదకి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిలిస్తే, "నాకు పనున్నాది" అనేది గుమ్మం అవతల నుంచే. మిగతా వేళల్లో మామూలే. నా పక్కనే తిండి, నా పక్కనే పడక. పత్తి ముందు కూర్చున్నప్పుడే నేను పరాయిదాన్ని.

మా అమ్మాయికి చెబితే ఫోన్‌లో పిల్లని నిలదీసింది. "సేపల పులుసు లొట్టలేసుకుని తింటావు కదే, ఎముక సూస్తే బెంగేటి?"

"పులుసు ముక్కకి నోరుండదు" అంది పిల్ల.

మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాఠం అంత బాగా వంటబట్టిందని సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. సన్నపళ్ల దువ్వెన తెచ్చి దాంతో ప్రయత్నించాను. పత్తి ఉండలు కట్టి, పోగులు తెగిపోయాయి. పిల్ల ఆడుకోవడానికి వెళ్లినప్పుడు పని కానిచ్చేసి దవడని దాచేద్దామనీ అనిపించింది. కానీ నోరు చూడమని వేలుపెట్టి చూపించిందాన్ని నేనే. ఇప్పుడు ఆ నోటినే దాచేస్తే, నేను చెప్పేది సగమే నమ్మాలని దానికి నేర్పినట్టు కాదూ? దాచలేదు. ఒక్కదాన్నే కూర్చుని దువ్వుకున్నాను. సెలవులు అయిపోవస్తున్నాయి. ఇలాగే విజయనగరం వెళ్లిపోతే, మళ్లీ వచ్చేసరికి నా పక్కన కూర్చునే అలవాటే తప్పిపోతుందని బెంగగా ఉండేది. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

రేపు ప్రయాణమనగా తనే వచ్చింది. ఆనుకోలేదు, కొంచెం ఎడంగా కూర్చుంది. దవడకేసే చూసింది.

"అది సచ్చిపోయిందని నాకు తెలుసు" అంది.

"ఊఁ."

బుట్టలోంచి చిటికెడు పత్తి తీసి, నలుసులు ఏరి, నా చేతికి కాకుండా తిన్నగా దవడ పళ్లకి అందించింది. "తిను" అంది దాంతో, చిన్నగా.

చేపలు పత్తి తినవనీ, చచ్చిపోయినవి అసలేవీ తినవనీ చెప్పడానికి నాలుక దురద పెట్టింది. నా ముఖం చూసి కనిపెట్టేసింది.

"తాతయ్యకి నువ్వెట్టలేదేటి?"

కిందటేడు మా ఆయన సంవత్సరీకానికి ఆయనకిష్టమైన గారెలు చేసి ఆకులో వడ్డిస్తుంటే ఇది నా పక్కనే ఉంది. తాతయ్య ఎలాగ తింటాడని అడిగింది కూడా. తినడే, అయినా మనం పెడతాం అన్నాను. ఆ మాట నేను మర్చేపోయాను. దానికి గుర్తుంది.

పత్తి దువ్వడం మొదలుపెట్టాను. కళ్లు మసకేసి పోగు కనబడలేదు.

"గబగబా ఎట్టకు అమ్మమ్మా, దానికి గొంతడ్డం పడతాది" అంది, నా మోకాలి దగ్గరకి జరుగుతూ.