నీళ్ళకు ఊడే జిగురు

తొంభై ఆరో పేజీ తిప్పాను. పక్కన తొంభై ఏడు ఉండాలి. ఉన్నది నూట పన్నెండు, అదీ తలకిందులుగా. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. నా కళ్ళ మీద అనుమానం వచ్చింది గానీ మా బైండరు మీద రాలేదు.

ఇరవై ఏళ్ళుగా నా పుస్తకాలు ఆయన చేతిలో పడి బతుకుతున్నాయి. పదహారు పేజీల మడతని వాళ్ళు ఫారం అంటారు. ఒక ఫారం తిరగబడి కుట్టుకుపోవడం ఆ పనిలో జరిగే తప్పే. ఆయన దగ్గర మాత్రం జరగదు. ప్రతి ఫారమూ వేలితో తడిమి చూసుకుని, అన్నీ సరిగ్గా ఉంటేనే చివరి ఖాళీ కాగితం మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెడతాడు. ఈసారీ టిక్కు ఉంది. నన్ను కలవరపెట్టింది అదే.

వారం రోజులు ఊరుకున్నాను. ఈ వయసులో ఒకరికి తప్పు చూపించడం కన్నా తలకిందులుగా చదువుకోవడమే సుఖంగా ఉంటుంది. చివరికి పుస్తకాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాను.

రెండు గదుల కొట్టు అది. ముందు గదిలో చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, కోత మిషను, గోడకి ఆనించిన అట్టలు. లోపలి గదిలో సూదీ దారంతో ఆయన భార్య. కుట్టు ఆవిడది, కోత ఆయనది. ఇద్దరిదీ ఆలస్యంగా అయిన పెళ్ళి. ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆయనకి నలభై రెండు, ఆవిడకి ముప్ఫై ఐదు.

పుస్తకం తెరిచి చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"టిక్కు పెట్టానే!" అన్నాడు.

"పెట్టారు. కళ్ళు మూసుకుని పెట్టారు," అంది ఆవిడ లోపల్నుంచి.

"కుట్టేటప్పుడు నువ్వైనా చూడొద్దూ?"

"ఫారం ఎక్కడ చూశానూ? నిలబడ్డ చోటే తూలుతున్న మిమ్మల్ని చూస్తూ కూర్చున్నా. ప్రెస్సు మీద పడితే మీ ముక్కు కూడా మాస్టారి పుస్తకంలో బైండైపోయేది."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆరు నెలలుగా ఇదే వరస అని చెప్పాడు. పన్నెండయ్యేసరికి ఒళ్ళు బరువు. ఒంటి చేత్తో తిప్పే చక్రానికి రెండు చేతులూ కావాల్సి వస్తోంది. దేని మీదా మనసు పోదు. "ఇంకా కొన్ని ఉన్నాయిలెండి మాస్టారూ, పెద్దవారు, మీతో చెప్పేవి కావు," అని అట్టల వైపు తిరిగాడు.

మూలన స్టూలు మీద టీ తాగుతున్న ఆయన బావ ఊరుకుంటేనా! ఆవిడకి అన్నగారు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. లోకంలో ఉన్నవన్నీ మోటార్లే అనుకునే మనిషి.

"సిగ్గెందుకు బావా! టెస్టోస్టిరాన్ తక్కువుందండీ మాస్టారూ. మగ హార్మోను. నేనే తీసుకెళ్ళి రక్తం తీయించా. మోటారులో ఆయిలు తగ్గితే ఏం చేస్తాం? పోస్తాం. జెల్ ఉందిట, రోజూ పొద్దున్నే భుజానికి రాసుకోవడమే. నెల తిరిగేసరికి పెళ్ళికొడుకైపోతాడు."

"ఆ మాటలు నీ మోటార్లకి చెప్పుకో అన్నయ్యా. నాకు ఆయనెప్పుడూ పెళ్ళికొడుకే," అంది ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ.

బైండరు చెవులు ఎర్రబడ్డాయి. నా పక్కకొచ్చి నెమ్మదిగా అన్నాడు: "ఎగతాళికేంగానీ మాస్టారూ, రేపే మొదలెట్టాలని ఉంది. మళ్ళీ నేను నాలా ఉంటే చాలు."

"డాక్టరమ్మ ఊఁ అన్నాకే," అని తేల్చేసింది ఆవిడ.

డాక్టరమ్మ దగ్గర ఏం జరిగిందో తర్వాత ఆవిడే నాకు చెప్పింది, గొంతు మార్చి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చినట్టు నటిస్తూ.

"రక్తం ఎన్నింటికిచ్చావయ్యా?"

"నాలుగింటికండీ. శుభ్రంగా భోంచేసి, ఓ కునుకు తీసి."

"అయితే ఆ కాగితం పక్కన పెట్టు. ఈ హార్మోను పొద్దున ఎక్కువుంటుంది, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది. రెండు వేరే వేరే రోజులు, పొద్దున్నే, పరగడుపున ఇచ్చి రా. గురక పెడతావా?"

జవాబు ఆవిడే చెప్పిందట: "మా కోత మిషను నయమండీ, దానికి స్విచ్చుంది."

ఒక్క కొలతతో అట్ట కొయ్యని మనిషి కాబట్టి, రెండుసార్లు చూడమనేసరికి ఆయనకి డాక్టరమ్మ మీద గురి కుదిరింది. రెండు రోజులూ అందరికన్నా ముందే వెళ్ళి లాబు మెట్ల మీద కూర్చున్నాడు. అంకెలు మొదటిసారి కన్నా కాస్త పైకొచ్చాయి గానీ ఉండాల్సిన గీత దాటలేదు. లోటు నిజమే.

"మందు మొదలెట్టొచ్చు, నీకు గుణం కనిపించొచ్చు కూడా," అందట డాక్టరమ్మ. "అంతకన్నా ముందు ఒకటి చెప్పండి. పిల్లలు కావాలా?"

"ఆవిడ ఇష్టమండీ," అన్నాడు ఆయన.

"ఈయన ఇష్టమండీ," అంది ఆవిడ.

"ఇద్దరి ఇష్టాలూ ఇంట్లో తేల్చుకుని రండి. బయట జనం ఉన్నారు. ఈ మందు వాడితే, హార్మోను బయట్నుంచి వస్తోంది కదా అని ఒళ్ళు తన పని తాను మానేస్తుంది. వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి. అందుకే అడిగాను."

లేచిన మనిషి తలుపు దగ్గర ఆగి అడిగాడట. "ఆపేస్తే మళ్ళీ ముందున్నట్టు అవుతుందా అండీ? ఊడదీయొచ్చా?"

"చాలామందికి అవుతుంది, నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. నీకు వస్తుందని నేను రాసివ్వలేను."

ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన పుస్తకాల వీపుకి, అంటే ఫారాలు కుట్టిన అంచుకి, మైదా ఉడికించిన జిగురు తప్ప మరోటి వాడడు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతాడు, అంతే. తడిగుడ్డ వేస్తే ఊడొస్తుంది అది. నా తర్వాత ఎవరో ఒకరు దీన్ని మళ్ళీ విప్పాలి కదా మాస్టారూ, అంటాడు. ఒకసారి బావ సాయం చేస్తానని వచ్చి డబ్బా గమ్ము పూసిపోయాడు. ఆ పుస్తకం ఇటుకలా తయారైంది. విప్పడానికి వీపు కోస్తే లోపలి అక్షరాలు కూడా తెగిపోయాయి.

డాక్టరమ్మ అలా చెప్పిన మర్నాడు నేను వెళ్ళేసరికి నా పుస్తకం విప్పుతున్నాడు. వీపు మీద తడిగుడ్డ పరిచి, జిగురు నానే దాకా నిలబడ్డాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. బావ లేడు కాబట్టి కొట్టు నిశ్శబ్దంగా ఉంది. నేను స్టూలు మీద కూర్చుని, చేతికందిన పుస్తకం తెరిచాను.

"అన్నయ్య గమ్ము గుర్తుందా?" అంది ఆవిడ.

"అదే అనుకుంటున్నా."

పాత జిగురు వేలితో నెమ్మదిగా గీకుతూ ఆయనే మళ్ళీ అన్నాడు: "నాకు కావాలి."

"జెల్లా?"

"పిల్లలు."

సూది ఆగిపోయింది.

"నీకు ఆశ పోయిందేమో, కదిలిస్తే బాధపడతావేమోనని అడగలేదు."

"ఆరేళ్ళ నుంచి మీ గురించి నేనూ అదే అనుకుంటున్నానండీ! ఎంత తెలివైన దంపతులం!" అని ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మరి ఈ నీరసం? రేపట్నుంచే మళ్ళీ మీరు మీలా ఉండాలన్నారుగా?"

"రేపు కాకపోతే ఎల్లుండి. ఇంకో దారేమైనా ఉందేమో అడుగుదాం. విప్పడానికి వీల్లేదేమో అన్న భయంతో మొదలుపెట్టలేను."

అప్పుడు చూసుకున్నాను, నేను చదువుతున్నట్టు పట్టుకున్న పుస్తకం తలకిందులుగా ఉంది. వాళ్ళు చూడకముందే తిప్పేశాను.

ఇంకో దారి ఉంది. డాక్టరమ్మ ఒక స్పెషలిస్టు దగ్గరికి పంపింది. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి, ఒళ్ళు తన హార్మోను తానే చేసుకునేలా తట్టిలేపే మందులు వేరే ఉన్నాయట, అవి మొదలుపెట్టారు. గురక సంగతీ తేలింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని ముక్కుకి తగిలించుకునే యంత్రం ఇచ్చారు. దాన్ని చూసిన రోజు బావ సంబరం ఇంతా అంతా కాదు. "గొట్టం, మోటారు, గాలి! నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా!"

మూడు నెలల తర్వాత నా పుస్తకం నా చేతికొచ్చింది. చక్రం ఇంకా రెండు చేతులతోనే తిప్పుతున్నాడు. కానీ పన్నెండు దాటినా తూలడం లేదు, బావ మాటలకి ఎదురు మాటలు కూడా అంటున్నాడు.

"పిల్లల మాట ఇంకా తెలీదు మాస్టారూ," అన్నాడు, నేను అడక్కుండానే. "స్పెషలిస్టు కొన్నాళ్ళు చూడమన్నాడు. చూస్తాం."

"జెల్ సంగతి?"

"అదెక్కడికి పోతుంది? పిల్లల సంగతి తేలాక, కావాల్సొస్తే అప్పుడు రాసుకుంటా. అప్పుడు భయం ఉండదు."

అక్కడే నిలబడి తొంభై ఆరో పేజీ తిప్పాను. తొంభై ఏడు. తిన్నగా ఉంది. వెనక ఖాళీ కాగితం మీద ఈసారి రెండు టిక్కులున్నాయి.

"రెండోది నాదండీ," అంది ఆవిడ లోపల్నుంచి. "మొదటిది ఈయన కళ్ళు తెరిచే పెట్టారనడానికి సాక్ష్యం."