మొదటి ఛార్జింగ్ గది

బ్యాటరీల ఫ్యాక్టరీలో మొదటి ఛార్జింగ్ గది పెద్దక్కది. ఎవరేం చెప్పినా కళ్లు చికిలించి ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. మెషీను చూపించిన అంకెను కూడా కాగితం మీద మళ్లీ లెక్కవేసి చూసుకుంటుంది. కొత్త సెల్‌ను మొదటిసారి నెమ్మదిగా ఛార్జ్ చేస్తే లోపలి రేకు మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొర ఛార్జ్‌ను మోసే లిథియాన్ని కొంత మింగేసి, మొదటి ఛార్జింగ్‌లో ఆ మేరకు నష్టం చూపించినా, సెల్‌ను ఏళ్ల తరబడి కాపాడుతుంది. అందుకే ఏ నష్టమూ చూపించని సెల్ అంటే ఆమెకు గుబులు. ఆ ఉదయం షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్న సొంత తమ్ముడే ఒక ట్రే తెచ్చాడు. "అక్కా, నష్టం దాదాపు సున్నా! సంతకం పెట్టెయ్."

ఆమె పెన్ను తీయలేదు. ఒక సెల్‌ను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. కొన మీద ఛార్జర్ పిన్నులు నొక్కిన గుర్తులు రెండు జతలున్నాయి. "వీటికిది రెండో ఛార్జింగ్‌రా. మొదటిది ఎవరు చేశారు?" "నన్నే అనుమానిస్తున్నావా?" అన్నాడు తమ్ముడు. "నిన్నే." వాడి ముఖం పాలిపోయింది. "తొందరలో కరెంటు ఎక్కువ పెట్టేశా. పొర సరిగ్గా కట్టలేదు. ఉద్యోగం పోతుందని మళ్లీ ఛార్జ్ చేసి, రెండోసారి వచ్చిన అంకెలే రాశా." "రేపు ఈ సెల్ ఎవరింట్లోనో అంటుకుంటే?" ఆమె ట్రేకి, వాడకూడదని చెప్పే ఎర్రచీటీ అంటించి, దాని మీద తమ్ముడి పేరు తనే రాసింది. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని మేనేజరు గదికి నడిపించింది. మధ్యలో ఎక్కడ జారుకుంటాడోనని, తలుపు తెరిచేదాకా ఆ చెయ్యి వదల్లేదు.