మా వాళ్లు చేతులు కట్టుకున్న రోజు

నేను చెవిటిదాన్ని. ఫారాల్లో దీనికి మర్యాదైన మాటలు చాలా ఉన్నాయి. మా ఇంట్లో, వీధిలో, బస్సులో అందరూ అనేది మాత్రం ఇదే, నాకూ ఇదే అలవాటు. నాలుగో తరగతిలో పెద్ద జ్వరం వచ్చింది. అది తగ్గి లేచి కూర్చునేసరికి మా అమ్మ పెదాలు కదులుతున్నాయి తప్ప మాట రావడం లేదు. నన్ను ఏడిపించడానికే అలా చేస్తోందనుకుని అమ్మ మీదికి గ్లాసు విసిరాను. ఆ కోపం నాకింకా పోలేదని మా వాళ్లంటారు.

అప్పటికే చదవడం, రాయడం వచ్చు కాబట్టి ఎలాగో డిగ్రీ దాకా లాక్కొచ్చాను. మాటా వచ్చు. కాకపోతే నా గొంతు నాకు వినపడదు గనక ఎంత గట్టిగా అరుస్తున్నానో తెలియదు, ఎదుటివాళ్ల మొహాలు చూసి తగ్గించుకుంటాను. వాళ్ల మాటలు పెదాలు చూసి పట్టుకుంటాను. ఇక్కడ రాస్తున్న మాటలన్నీ అలా పట్టుకున్నవే. అందనివి తర్వాత ఎవరో ఒకరు కాగితం మీద రాసిచ్చినవి.

డిగ్రీ అయ్యాక ఉద్యోగాల కోసం తిరగని ఆఫీసు లేదు. ఎక్కడికెళ్లినా ఆఖర్న ఒకటే మాట, "సెలెక్టయితే ఫోన్ చేస్తాం." చెవిటిదానికి ఫోన్ చేస్తారట! శ్రీకాకుళంలో ఒకచోట ఒళ్లు మండి, "చెయ్యండి బాబూ, ఎత్తి ఊఁ కొడతాను" అన్నాను. ఇంటర్వ్యూ చేసినాయన నవ్వలేదు గానీ టీ ఇవ్వడానికొచ్చినతను గుమ్మంలోనే నిలబడి పడీ పడీ నవ్వాడు.

రాజాంలో ఒక బట్టల షాపులో చీరలు మడతపెట్టే పని దొరికింది. ఆరు వారాలు బాగానే గడిచింది. ఒకరోజు ఒకావిడ వెనకనుంచి నన్ను నాలుగుసార్లు పిలిచిందట. నేను నా మానాన మడతలు పెట్టుకుంటున్నాను. "ఎంత పొగరు ఈ పిల్లకి" అని, తీయించిన చీరలన్నీ అక్కడే పడేసి వెళ్లిపోయింది. షాపాయన మంచివాడే. "నీ తప్పు నేదు తల్లీ, అయినా బేరాలు పోతన్నాయి, ఏటి సెయ్యమంటావు?" అన్నాడు. ఏం చెయ్యమంటాను? ఇంటికొచ్చేశాను.

మా వీధిలో ఒకావిడ విజయనగరం వైపు ఒక జూటు మిల్లులో పని చేసేది. గోగునారను నూలుగా వడికే సెక్షన్‌లో పాతికేళ్ల సర్వీసు. మా వైపు అక్కను అప్ప అంటాం. వయసుకి ఆవిడ నాకు పెద్దమ్మ అవుతుంది, అలా పిలిస్తే ఒప్పుకోదు కాబట్టి అప్ప అనే పిలుస్తాను. నా సంగతి విని ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, "రేపు నాతో వచ్చీ గుంటా" అంది. మా వైపు గుంట అంటే పిల్ల. ఆలోచించుకో అని కూడా అనలేదు.

ఆ మిల్లులో కొత్తవాళ్లను బదిలీగా తీసుకుంటారు. అంటే పర్మినెంటు వాళ్లు రాని రోజున వాళ్ల చోట పని చెయ్యాలి. పొద్దున్నే గేటు బయట నిలబడితే గుమస్తా రిజిస్టరు చూస్తూ నంబర్లు పిలుస్తాడు. పిలిచినవాళ్లు లోపలికి, మిగతావాళ్లు ఇంటికి. ఆ గుమస్తా తల ఎత్తడు. ఎత్తినా ఆ మీసాల కింద పెదాలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. వరసగా మూడు రోజులు నా నంబరు పిలిచారట, మూడు రోజులూ నేను దిక్కులు చూస్తూ నిలబడి ఇంటికొచ్చేశాను. నాలుగో రోజు అప్ప తన పనికి లోపలికి పోకుండా నా పక్కనే నిలబడి, నంబరు రాగానే నా వీపు మీద ఒక్కటి చరిచింది. నన్ను లోపలికి తోసి, గుమస్తా మీద పడింది. ఏమేం తిట్టిందో నాకు అందలేదు, గుమస్తా మొహం చూస్తే గట్టిగానే తిట్టిందని అర్థమైంది. మర్నాటి నుంచి ఆయన ఒక నల్లబోర్డు తెచ్చి, నంబరు పిలవగానే సుద్దముక్కతో దాని మీద రాయడం మొదలుపెట్టాడు. తిట్లు తిన్నాకే చేశాడనుకోండి. అయినా ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు, నేను రాని రోజు కూడా రాసేవాడట. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటాను.

ఇక లోపలి సంగతి. మిషన్లున్న హాల్లోకి అడుగుపెట్టగానే అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా నేల అదురు పాకింది. తల ఎత్తి చూస్తే హాలు నిండా ఆడవాళ్లు, ఒక్కరి పెదాలూ కదలడం లేదు. అందరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదట, అందుకని ఎప్పటి నుంచో అక్కడ చేతుల భాష నడుస్తోంది. రెండు వేళ్లు మెలేస్తే పోగు తెగిందని. పిడికిలి మీద అరచెయ్యి వేస్తే నూలు చుట్టే బాబిన్ నిండిందని. పైపెదవి మీద వేలు రాస్తే సూపర్‌వైజర్ వస్తున్నాడని. ముక్కు పట్టుకుంటే ఎవరి క్యారేజీలోనో ఎండుచేపల కూర ఉందని. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇంతకాలం లోకంలో నేనొక్కదాన్నే ఇలా బతుకుతున్నాననుకుని ఏడ్చాను. ఇక్కడ చూస్తే చెవులు బాగున్నవాళ్లందరూ నాలాగే బతుకుతున్నారు! నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. అప్ప చూసి, నార దుమ్ము పడిందనుకుని కొంగుతో నా కళ్లు తుడిచింది.

తెగిన పోగు అతకడం అప్ప దగ్గరే నేర్చుకున్నాను. మొదట్లో వేళ్లు కోసుకుపోయేవి. చేతుల భాష మాత్రం రెండు వారాల్లో పట్టేశాను, మూడో నెలకల్లా కొత్త సైగలు నేనే పుట్టించాను. సూపర్‌వైజర్ కొత్తగా జుట్టుకి రంగేసుకొస్తే దానికొకటి, ఆయన భార్యతో తగువాడి వస్తే దానికొకటి. "సెవులు నేవు గానీ మిల్లులో కబుర్లన్నీ దీని దగ్గరే ఉన్నాయి" అని అప్ప నవ్వేది.

కష్టాలు లేవని కాదు. క్యాంటీన్‌లో అందరూ నోళ్లు విప్పగానే నేను మళ్లీ చెవిటిదాన్నయ్యేదాన్ని. ఐదుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరి పెదాలని చూడను? ఓవర్‌టైమ్ ఉందని మైకులో చెప్పేవారు, నేను హాయిగా ఇంటికెళ్లిపోయేదాన్ని, మర్నాడు చివాట్లు. అయితే మా వాళ్లు మెల్లమెల్లగా క్యాంటీన్‌లోనూ చేతులు ఆడించడం మొదలెట్టారు. అన్నం కలుపుకునే చేత్తోనే కబుర్లు, మెతుకులు నా మీద పడేవి. ఆ తర్వాత బస్టాపులో, బస్సులో కూడా అంతే. కండక్టరు ఒకసారి మా గుంపుని చూసి, పాపం అందరూ మూగవాళ్లే అనుకున్నాడట. అప్ప నోరు విప్పాక ఆయన ఆ మాట మళ్లీ అనుకుని ఉండడు.

ఇలా రెండేళ్లు గడిచాక పర్మినెంటు లిస్టు తయారవుతోందని తెలిసింది. అందులో ఒక పోస్టు నాలాంటివాళ్లకి ఉంచారు. చెవుడు సర్టిఫికెట్ ఉన్నది మిల్లంతటికీ నేనొక్కదాన్నే. పర్మినెంటయితే ఎవరైనా రాకపోతేనే నాకు పని అనే గొడవ ఉండదు. మా అమ్మ రోజూ అన్నం పెడుతూ ఒకటే అడిగేది, "నేను పోతే నీకేటే ఆధారం?" దానికి నా దగ్గర ఉన్న జవాబు ఆ పోస్టు ఒక్కటే.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఈవిడ చెవిటిది కాదు, రోజంతా అందరితో కబుర్లాడుతుంది, జోకేస్తే అందరికంటే ముందు నవ్వుతుంది, సర్టిఫికెట్ దొంగది, అని. ఎవరు రాశారో నాకు తెలుసు, చెప్పను. ఇప్పుడు తలుచుకుంటే, నా గురించి అంత గొప్పగా ఇంకెవరూ రాయలేదనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఏడ్చుకుంటూ అప్ప దగ్గరికి పరిగెత్తాను.

లిస్టు మీద సంతకం పెట్టడానికి హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఉత్తరం చదివి, తానే పరీక్ష పెడతానన్నాడు. ఆఫీసు ముందు సిమెంటు వరండాలో నన్ను నిలబెట్టారు. గుమస్తా కాగితం మీద రాసి చూపించాడు, "వెనక చప్పుడు చేస్తారు. వినపడితే తిరుగు." ఆఫీసరు క్యాంటీన్ పళ్లెం ఒకటి, స్పానర్ ఒకటి పట్టుకుని నా వెనక్కి వెళ్లాడు. నా ఎదురుగా, వరండా కింద మా సెక్షన్ ఆడవాళ్లు పదిమంది, మధ్యలో అప్ప. అందరి మొహాల్లోనూ నా కంటే ఎక్కువ కంగారు. నేను వాళ్లనే చూస్తున్నాను.

ఉన్నట్టుండి పది చేతులు లేచాయి. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను.

నా వెనక చప్పుడయ్యేసరికి వాళ్ల చేతులు వాటంతటవే లేచాయి. వాళ్లూ కావాలని చెయ్యలేదు, నేనూ కావాలని తిరగలేదు. హాల్లో బాబిన్ల బండి మన వెనక వస్తే ఎదుటివాళ్లు అలాగే చెయ్యెత్తుతారు. ఎత్తితే ఆలోచించకూడదు, తిరగాలి, లేకపోతే మోకాలు పోతుంది. రెండేళ్లుగా రోజుకి ఎన్నిసార్లు తిరిగానో! ఆఫీసరు చూసింది నా మెడ ఒక్కటే. పళ్లెం మీద కొట్టాడు, నేను తిరిగాను. లోపలికెళ్లి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గుమస్తా మొహం చూస్తే ఏం రాశాడో తెలిసిపోయింది.

నేను వరండా దిగి అప్ప మీద విరుచుకుపడ్డాను. "మీ చేతులు పడిపోనూ! నన్ను ముంచేశారు కదే!" అని ఎంత గట్టిగా అరిచానో తెలియదు, గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఇటు తిరిగాడు. అప్ప తన చేతులు తను చూసుకుంటూ నిలబడింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

గుమస్తా లోపలికెళ్లి ఆఫీసరుతో జరిగింది చెప్పాడు. ఆఫీసరు నమ్మలేదు. ఆసుపత్రికి పంపిద్దామంటే లిస్టు సాయంత్రానికి వెళ్లిపోవాలి. అప్పుడు అప్ప మెట్లెక్కి తిన్నగా ఆయన టేబుల్ ముందుకెళ్లింది. "బాబూ, అదే సోటు, అదే పల్లెం, అదే మేం. మా సేతులు మాత్రం కట్టేసుకుంటాం. అప్పుడు తిరుగుతాదేమో సూడు" అంది. కాస్త ఆగి, "కళ్లు కూడా మూసుకుంటాం. మా కనురెప్ప కదిలినా దానికి తెలిసిపోతాది" అంది. ఇదంతా గుమస్తా తర్వాత రాసిచ్చాడు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

మళ్లీ నన్ను అక్కడే నిలబెట్టారు. ఎదురుగా మా వాళ్లు పదిమంది చేతులు వెనక్కి పెట్టుకున్నారు, కళ్లు మూసుకున్నారు, కొంగులు మొహాల మీదికి లాక్కున్నారు.

ఇక నాకేమీ తెలియలేదు. వెనక ఆయన కొడుతున్నాడో, నిలబడి చూస్తున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. అరికాళ్ల కింద సిమెంటు కదలదు. వెనకనుంచి ఏ బండి వచ్చి గుద్దినా చెప్పేవాళ్లు లేరు. క్యాంటీన్‌లోనూ వాళ్లు చేతులు ఆడించడం మొదలెట్టాక ఒక్క నిమిషం కూడా నేను ఇలా లేను. ఎవరో ఒకరి చెయ్యి నాకు చెబుతూనే ఉంది, టీ వచ్చిందనో, సూపర్‌వైజర్ వచ్చాడనో, వానొస్తోందనో. అది వాళ్లు చెప్పడమని కూడా నాకు తోచలేదు, లోకమే నాకు తెలుస్తోందనుకున్నాను. అందరూ ఒక్కసారి చేతులు కట్టుకున్నాక గానీ నాకు చెవుడుందని గుర్తు రాలేదు. అప్ప భుజం ఒకసారి అదిరింది. పళ్లెం చప్పుడుకి అదిరిందో ఏడుపుకి అదిరిందో నాకు తెలియలేదు. నా కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకుందామంటే, కదిలితే ఏమనుకుంటారోనని భయం.

ఆయన ఏడుసార్లు కొట్టాడట, ఆఖరుది సరిగ్గా నా చెవి పక్కన. సాయంత్రం లిస్టులో నా నంబరు ఉంది.

అయితే అక్కడ నిలబడి ఉన్నప్పుడు పరీక్ష అయిపోయిందని కూడా నాకు తెలియలేదు. గుమస్తా చెప్పాడేమో, మా వాళ్లు కొంగులు తీసి కళ్లు తెరిచారు. పది జతల చేతులు ఒకేసారి పైకి లేచాయి. అయిపోయిందని ఒకరు, ఏడవొద్దని ఒకరు, దిగిరమ్మని ఒకరు, నీళ్లు తాగుతావా అని ఒకరు. ఏ చేతికి జవాబు చెప్పాలో తెలియక, రెండు చేతులూ ఎత్తి అందరికీ దండం పెట్టాను. అప్ప మెట్లెక్కి వచ్చి ఆ చేతుల మీద ఒక్కటిచ్చింది. "సాల్లే, పోగులు తెగిపోతన్నాయి, పద" అంది.