మా అక్క తిన్న మట్టికి ఎక్స్‌రే

పరిశోధనలో చేరిన ఆ కొత్తలో నా కళ్లకు లోకంలో రెండే జాతుల మనుషులు కనిపించేవారు. బంకమట్టిలో పొరలుంటాయని తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి జాతిలో మా గైడు, నేను ఉండేవాళ్లం. రెండో జాతిలో మా అమ్మ, నాయన, అక్క, బత్తలపల్లె బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ జనమంతా ఉండేవారు. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే చాలు, "రసాయనాలతో మార్పు చేసిన బంకమట్టి ఖనిజాల నిర్మాణం" అని ఊపిరి తీసుకోకుండా చెప్పి, వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూసేదాన్ని. (చాలా ముఖాలు జాలిగా మారేవి. ఒక పెద్దాయన మా నాయనను పక్కకు పిలిచి, ఇంత చదివించి పిల్లను ఇటుకల బట్టీకి పంపుతాండావా అని అడిగాడట.)

మా గైడుకు మేము పెట్టుకున్న పేరు పొరల సారు. పాల మీద మీగడ చూసినా, క్యాంటీన్‌లో పరోటా చూసినా ఆయనకు మట్టే గుర్తొచ్చేది. చిటికెడు బంకమట్టిలో లెక్కలేనన్ని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయనీ, రేకుకూ రేకుకూ మధ్య ఉన్న సందే మన చదువంతా అనీ చెప్పేవాడు. నల్లరేగడి నుంచి కడిగి తీసిన మెత్తని మట్టిని, సబ్బు జాతికి చెందిన ఒక రసాయనం కలిపిన నీళ్లలో బాగా కలియబెడితే, ఆ రసాయనపు పొడవాటి తోకలు సందుల్లోకి దూరి రేకులను ఎడం చేస్తాయి. అలా తెరుచుకున్న మట్టి, ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దాక పారబోసే నీళ్లలోంచి రంగును లాగేసుకుంటుందని మా ఆశ. సందు తెరుచుకుందో లేదో కంటికి తెలియదు. ఎక్స్‌రే కిరణాలు ఆ రేకులకు తగిలి తిరిగొచ్చినప్పుడు యంత్రం ఒక గీత గీస్తుంది. అందులో మొదటి శిఖరం ఎడమవైపుకు జరిగితే తెరుచుకున్నట్టు. ఉన్నచోటనే ఉంటే మూసుకునే ఉన్నట్టు. నేను చేసిన మట్టి అప్పటిదాకా ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. మట్టికి కూడా నా మీద నమ్మకం లేదని హాస్టల్లో నవ్వుకునేవాళ్లు.

ఆ ఆషాఢంలో మా డిపార్టుమెంటులో మట్టి ఆరబెట్టే ఓవెన్ చెడిపోయింది. బాగుచేసేవాడు బెంగళూరు నుంచి రావాలి. అతను ఎప్పుడొస్తాడో ఓవెన్‌కే తెలియాలి. నేనేమో అప్పుడే కొత్తగా ఒక విడత మట్టి తయారుచేసి ఉన్నాను. అనంతపురంలో పుట్టినదానికి ఎండ గురించి ఎవరో చెప్పాలా అనుకుని, మామూలు మట్టి ఒక డబ్బాలో, మార్చిన మట్టి ఇంకో డబ్బాలో పెట్టుకుని శనివారం మా ఊరికి తీసుకెళ్లాను. ఒకే జత స్టీలు పళ్లేల్లో విడివిడిగా పరిచి, మిద్దె మీద ఎండబెట్టి, ఏది ఏదో చీటీల మీద రాసి పళ్లేల కింద పెట్టి, పైన పలుచని గుడ్డ కప్పాను. ఆరాక రెండూ ఒకేలా బూడిదరంగు పెచ్చులయ్యాయి. ఆషాఢం గాలి మా ఊళ్లో ఎలా ఉంటుందో పుట్టిన ఊరు మరిచినదానిలా మరిచాను. మబ్బులు మా నెత్తిమీదుగా కర్ణాటక నుంచి కడపకు పరిగెత్తుతాయి, ఒక్క చుక్క రాల్చవు. వాటి వెనక గాలి మాత్రం వారాల తరబడి వీస్తుంది. సోమవారం పొద్దున మిద్దె ఎక్కి చూస్తే గుడ్డ లేదు, చీటీలు లేవు. పళ్లేలు గాలికి ఎగిరిపోతాయని అమ్మ వాటిని తీసి, ఒకటి నీళ్ల తొట్టి పక్కన, ఇంకొకటి పిట్టగోడ మూలన పెట్టింది. తొట్టి పక్కనున్న పళ్లెంలో సగం మట్టి లేదు.

కిందికి దిగేసరికి అక్క వసారాలో కూర్చుని ఏదో నములుతోంది. ఆమె మడకశిర నుంచి తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. ఏం తింటున్నావని అడిగాను.

"మట్టి," అంది, చాలా మామూలుగా.

"యాడిది?"

"మిద్దె మీద ఆరబెట్టింటివి కదా, తొట్టికాడ. శానా మెత్తగా ఉండాది. వాన పడినట్ల వాసనొస్తాంది పాపా. వాన వాసన చూసి ఎన్నాళ్లాయ చెప్పు."

కడుపుతో ఉన్నవాళ్లకు మట్టి మీద మనసు పోవడం మా వైపు వింతేమీ కాదు. మా అమ్మ కూడా నన్ను కడుపున మోసేటప్పుడు గోడ గోకి తినేదట. (నా చదువు ఏదో అప్పుడే ఖాయమైందని నాయన అంటుండేవాడు.) కానీ నాకు ఆ రసాయనం సీసా మీద ఉన్న ప్రమాదం గుర్తు కళ్లముందు కదిలింది. ఎప్పటి నుంచి తింటోందని అడిగితే నిన్నటి నుంచి అంది. రుచి ఎలా ఉందని అడిగితే బాగుందంది. సబ్బు వాసన వచ్చిందా అంటే, సబ్బు ఎవరైనా తింటారా అని నన్నే ఎదురడిగింది. ఆమె ముఖంలో ఏ బాధా లేదు. బాధంతా నా ముఖంలోనే ఉండటం చూసి అమ్మ పరిగెత్తుకొచ్చింది.

అందరం ఆటో ఎక్కి బత్తలపల్లెలో అక్కను చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె బీపీ చూసి, కడుపు నొక్కి చూసి, బిడ్డ గుండె విని, అంతా బాగానే ఉందని చెప్పింది. ఉత్త మట్టయితే తిట్టి, మాత్రలిచ్చి పంపుతాననీ, రసాయనం కలిసినదైతే అనంతపురం పెద్దాసుపత్రికి పంపక తప్పదనీ అంది. తర్వాత నావైపు తిరిగింది.

"తొట్టికాడ పళ్లెంలో ఉండేది ఏ మట్టి? అది నాకు తెలీదు, నువ్వే చెప్పాల. సాయంత్రం దాకా ఈమెను ఈడే పెట్టుకుంటా. పోయి కనుక్కొనిరా."

అప్పటిదాకా నేను చేసే పని గురించి నన్ను ఎవరూ నిజంగా ప్రశ్న అడగలేదు. పొరల సారుకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఎవరిదో వైవా జరుగుతోందట. ఇక మిగిలింది యంత్రమే. అమ్మను అక్క దగ్గర ఉంచి, ఇంటికి పోయి, రెండు పళ్లేలకూ మూతలు పెట్టి గుడ్డల్లో మూటగట్టి, నేనూ నాయనా అనంతపురం బస్సెక్కాం. తొట్టి పళ్లెం నా ఒళ్లో, గోడమూల పళ్లెం ఆయన ఒళ్లో. తారుమారు కాకూడదని ఆయన తన మూటకు తువ్వాలు చుట్టుకుని, దేవుడి పటాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. రాప్తాడు దగ్గర ఎక్కిన ఒకాయన పక్కన కూర్చుని, యాడికి పోతాండారన్నా అని పలకరించాడు. ఎక్స్‌రే తీయించేకి అన్నాడు నాయన. ఎవరికి అని ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మట్టికి," అన్నాడు నాయన.

ఆయన నా ఒళ్లోని మూట వైపు వంగి, మట్టికి ఏమైందప్పా అని నెమ్మదిగా అడిగాడు. నాయన నావైపు చూశాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగిన ఆ పొడుగు వాక్యం ఆ పూట నా నోట్లోంచి రాలేదు.

మా యూనివర్సిటీలో ఆ యంత్రాన్ని చూసుకునే ఆయనను అందరం ఎక్స్‌రే అన్న అనేవాళ్లం. వరస తప్పితే వైస్ ఛాన్సలర్‌నైనా బయట నిలబెట్టే రకం. నేను గుమ్మంలో నిలబడి మాటలు వెతుక్కుంటుంటే నాయన నా వెనకనుంచి, మా పెద్దపాప ఈ మట్టి తినింది సామీ, కడుపుతో ఉండాది అన్నాడు. ఎక్స్‌రే అన్న లోపల తన వంతుకు సిద్ధంగా కూర్చున్న సీనియర్ వైపు చూశాడు. ఆయన చప్పుడు చేయకుండా తన నమూనా తీసి పక్కన పెట్టాడు. ఎక్స్‌రే అన్న తొట్టి పళ్లెంలోంచి ఒక పెచ్చు తీసి, నూరి, గాజుపలక గుంటలో నింపి, పైన చదును చేసి, యంత్రంలో పెట్టి తలుపు వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. సన్నగా మోత మొదలైంది.

ఆ గీత తెర మీద ఎడమ నుంచి కుడికి పాకుతుంది. పిల్లలు కొత్తగా అక్షరం దిద్దేటప్పటిలా నిదానంగా, కొంచెం వణుకుతూ. మార్చిన మట్టి అయితే దాని శిఖరం మొదట్లోనే, ఎడమ కొసన లేవాలి. అంతకుముందు ఎన్నోసార్లు ఆ గదిలోనే నిలబడి, లేవాలి లేవాలి అని మొక్కుకున్నాను. ఆ రోజు జీవితంలో మొదటిసారి నా ప్రయోగం కనబడకూడదని మొక్కుకున్నాను. గీత ఆ చోటికి వచ్చింది. చదునుగా, ఏమీ లేని బీడులాగా ఆ చోటు దాటిపోయింది. ఇంకొంచెం ముందుకు పోయాక, మామూలు మట్టికి శిఖరం ఎక్కడ లేవాలో సరిగ్గా అక్కడే లేచి నిలబడింది. "ఉత్త మట్టేమ్మా," అన్నాడు ఎక్స్‌రే అన్న. నేను కుర్చీ లేకపోయినా కూర్చున్నాను, నేల మీదే. నాయన ఫోన్ తీసి డాక్టరమ్మకు చెప్పాడు. అవతల ఆమె అక్కను తిడుతున్న మాటలు మా అందరికీ వినిపించాయి. అంత కమ్మని తిట్లు నేనెప్పుడూ వినలేదు.

నా మట్టి అప్పటిదాకా తెరుచుకోలేదని తెలిసినవాడు కాబట్టి, అనుమానం ఉండకూడదని ఎక్స్‌రే అన్న రెండో పళ్లెం మట్టి కూడా పెట్టాడు. ఈసారి గీత మొదలైన కాసేపటికే ఎడమ కొసన ఒక శిఖరం నిటారుగా లేచింది. నా మట్టి తెరుచుకుంది. ఏడాదిగా మొండికేసిన ఆ రేకులు ఈసారి మాట విన్నాయి. నేను నేలమీంచి లేచి నిలబడ్డాను. ఏమైందని నాయన అడిగితే, చేతివేళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి చూపిస్తూ రేకుల సంగతి చెప్పాను. ఈ మట్టిలో రేకుల మధ్య ఎడం పెరిగిందనీ, అక్క తిన్నదానిలో పెరగలేదనీ చెప్పాను. వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఉండే ఆ ఎడాన్నే ఈ యంత్రం కొలిచి చెప్పిందన్నాను. ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. మూట విప్పాక భుజాన వేసుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గుడిలో తప్ప ఆయన అలా చేయగా నేను చూడలేదు.

"మన చేన్లో మట్టి కూడా ఇట్లే ఉంటాదా, లోపల?" అన్నాడు.

ఉంటుందన్నాను. ఎర్రమట్టిలో రేకులు వేరే రకంగా ఉంటాయి, అయినా ఉంటాయి. ఆయన ఏళ్ల తరబడి దున్ని, తిట్టి, మొక్కి, పిడికిట పట్టి తేమ చూసిన మట్టి అది. అన్నాళ్లూ నాకు అది మార్కులూ ఫెలోషిప్పూ మాత్రమే. కంటికి కనబడని ఒక సందు మూసుకుని ఉన్నందుకే బత్తలపల్లెలో మా అక్క నిశ్చింతగా మంచం మీద కూర్చుని ఉందని తలుచుకుంటే, ఆ గదిలో గట్టిగా మాట్లాడాలనిపించలేదు.

అప్పుడు వచ్చాడు పొరల సారు, వైవా ముగించుకుని, మెడలో ఇంకా పూలదండ వాసనతో. నేను కథంతా చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఆయన విని, తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి, తొట్టి పళ్లెంలో ఒక చుక్క వేశాడు. మట్టి దాన్ని వెంటనే తాగేసింది. గోడమూల పళ్లెంలో ఇంకో చుక్క వేశాడు. అది ఇంకలేదు. ముత్యంలా గుండ్రంగా నిలబడి, ఆయన పళ్లెం వంచితే అటూ ఇటూ దొర్లింది. సందుల్లో ఆ తోకలు చేరాక మట్టి నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఈ ముక్క నేను పరీక్షల్లో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"దీనికి బస్సెక్కి రావల్సిన పని లేదు కదమ్మా," అన్నాడాయన, ఏ కోపం లేకుండా.

ఎక్స్‌రే అన్న కిటికీలోంచి బయటికి చూడసాగాడు. సీనియర్ దగ్గాడు. మా నాయన మాత్రం ఆ నీటిబొట్టు మీదనుంచి చూపు తిప్పలేదు. నీళ్లు వద్దనే మట్టిని మా జిల్లావాడు చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

తిరుగు బస్సు రాప్తాడు దాటింది. నాయన నెమ్మదిగా, "ఆ నీళ్ల సంగతి ఇంట్లో చెప్పొద్దులే పాపా. ఎక్స్‌రే తీయించినామనే చెప్తాం," అన్నాడు. అలాగే చెప్పాం. ఊళ్లో ఆయన ఆ కథ చెప్పిన ప్రతిసారీ యంత్రం కొంచెం పెద్దదవుతూ పోయింది. కొన్నాళ్లకు అది ఒక గదిలో పట్టేది కాదు. అక్కకు నిండు నెలల్లో ఆడపిల్ల పుట్టింది. కాన్పయిన తర్వాత ఆమెకు మట్టి పేరెత్తితేనే వాంతి వచ్చేది.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠం చెబుతున్నాను. కొత్త యంత్రాలు వచ్చాయి. గీత నేరుగా ఫోన్‌లోకి వచ్చిపడుతుంది, ఎవరూ నిలబడి చూడరు. నేనూ చాలాసార్లు చూడను. అప్పుడప్పుడు ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని బస్సులో బిగుసుకుని కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. చదివిందంతా సమయానికి మరిచిపోయిన పిల్ల. ఆమెకు ఇంట్లోనే చెంబెడు నీళ్లు గుర్తొచ్చి ఉంటే ఎంత హాయిగా ఉండేదని ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. కానీ గుర్తొచ్చి ఉంటే మా నాయన ఆ తెర ముందు నిలబడేవాడు కాదు. ఆ రోజు ఆయన ముఖం నేను చూసేదాన్ని కాదు. మరిచిపోయి మంచిపనే చేసింది, పిచ్చిది.