ల్యాంపురూమువాడి కీబోర్డు

మందమర్రిలో నా అంత తెలివిగలవాడు లేడని 1992 వరకూ నమ్మాను. నా భార్య సీతాబాయి మాత్రం మొదటి నుంచీ నమ్మలేదు.

నా పని గని ల్యాంపురూములో. లోపలికి దిగేవాళ్లు తమ నంబరు బిళ్ల ఇస్తే, టోపీకి తగిలించుకునే లైటూ, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ ఇవ్వాలి. వాళ్లు పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. రోజూ వందల బ్యాటరీలు నా చేతిమీదుగా పోయేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా పరువు తీయడానికి పనికొస్తుంది.

డ్యూటీ దిగితే నేను హార్మోనియం రామచంద్రాన్ని. నా పక్కన డోలక్ కొమురెల్లి. గనిలో బొగ్గు నింపేవాడు. వినాయక మండపాలకూ, పెళ్లిళ్లకూ పదహారేళ్లు ఇద్దరం కలిసే పోయాం. నేను చరణం మర్చిపోయి నీళ్లు నమిలితే, అతను డోలక్ దంచి జనాన్ని తనవైపు తిప్పుకునేవాడు. ఆ చప్పట్లు నా పాటకే అనుకునేవాణ్ణి.

ఆ ఏడు మా వైపు కీబోర్డులు వచ్చాయి. ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కితే చాలు, డోలక్, తబలా, గిటారు అన్నీ అదే వాయిస్తుంది. పక్క కాలనీవాళ్లు ఒకటి కొన్నారు, పెళ్లిళ్లన్నీ వాళ్లకే పోతున్నాయి. నేనూ కొనాలనుకున్నాను. హైదరాబాదుకు తోడు రమ్మని ఎవరిని పిలిచాను? కొమురెల్లినే. తాళం విషయంలో అతని చెవి మీద నాకు గురి. అతని పని పోగొట్టే యంత్రాన్ని అతనిచేతే ఏరించబోతున్నానని నాకు తట్టలేదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మను.

దుకాణంలో రెండు నచ్చాయి. ఒకటి చిన్నది, చంకన పెట్టుకుని పోవచ్చు. తాళాలు ఇరవయ్యే, కానీ అడుగున ఆరు సెల్లులు పడతాయి. రెండోది పెద్దది, తాళాలు వంద, కరెంటు మీదే నడుస్తుంది. కొమురెల్లి కళ్లు మూసుకుని ఒక్కో తాళం విన్నాడు.

"పెద్దదాండ్ల డోలక్ మంచిగున్నదే అన్నా. లోపటోడు గట్టిగనే కొడుతుండు," అన్నాడు. తర్వాత చిన్నదాన్ని బోర్లించి, సెల్లుల మూత తీసి చూశాడు. "కని గిదే తీస్కో. కరెంటు పోతే ఎట్ల?"

"మన కాలనీల కరెంటు ఎన్నడన్న పోయిందా తమ్మీ?" అని నవ్వాను. నిజమే, మా కంపెనీ క్వార్టర్లలో కరెంటు పోవడమంటే పెద్ద వార్త. లోకమంతా మా కాలనీలాగే ఉంటుందని నా అంచనా.

"నేను లోపటికి దిగెటోన్ని. నడుముకు బ్యాటరీ లేంది నాకు ధైర్యముండదే," అన్నాడు.

నేను వినలేదు. పెద్దదే కొన్నాను. రైలు దిగాక ఇంటిదాకా అతనే మోశాడు.

వడ్రంగితో దానికి మంచి చెక్కపెట్టె చేయించాను. మొదటి పిలుపు ఖానాపూర్ నుంచి వచ్చింది, జలపతిరావు గారి బిడ్డ పెళ్లి. కొమురెల్లితో, "డోలక్ తేకు తమ్మీ, అవసరం లేదు. పెట్టె పట్టుటానికి రా," అన్నాను. అతను కాసేపు నా మొహంలోకి చూసి, "సరే అన్నా," అన్నాడు. ఆ 'సరే' నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తలంబ్రాలయ్యాయి. భోజనాల వేళ నా మొదటి పాట అదిరింది. రెండోది సగంలో ఉండగా ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, నా వంద తాళాలూ ఒక్కసారే నోరు మూశాయి. నేను మాత్రం నొక్కుతూనే ఉన్నాను. టకటకమని ఉత్త ప్లాస్టిక్ చప్పుడు. వంటల దగ్గరున్న ఎల్లక్క అనే పెద్దావిడ తొంగిచూసి, "పాణం పోయినట్టున్నది బిడ్డా దానికి," అంది. పందిరంతా నవ్వింది.

జలపతిరావు గారు వచ్చారు. "కరెంటు పొద్దుగూకినంకనే వస్తది. బ్యాటరీ లేదా నీ తాన? ఏం పని చేస్తవయ్యా నువ్వు?"

"ల్యాంపురూముల... బ్యాటరీలు చార్జింగు పెడుత దొరా," అన్నాను.

ఇక ఆ నవ్వు ఆగలేదు. నేను కొమురెల్లివైపు చూడలేకపోయాను. డోలక్ వద్దన్నది నేనే. పదహారేళ్ల జోడీని ఒక మెట్టు నొక్కి తీసేసిందీ నేనే. అతను లేచి వెళ్లిపోతే ఆపే మొహం నాకు లేదు. ఇక ఎన్నటికీ రాడేమోనని భయం వేసింది.

అతను లేచాడు. ఖాళీ చెక్కపెట్టెను బోర్లించి ముందు పెట్టుకుని, వేళ్లతో రెండుసార్లు తట్టి, చెవి వంచి విన్నాడు. "పాడే అన్నా," అన్నాడు.

మైకు లేకుండా గొంతు చించుకుని పాడాను. పెట్టె దబదబమంది. తింటున్నవాళ్లు ఎడమచేత్తో తొడల మీద తాళం వేశారు. ఒకచోట చరణం మర్చిపోయాను, అతను దంచాడు. మోగిన చప్పట్లు ఎవరికో ఈసారి నాకు తెలిసింది. సాయంత్రం కరెంటు వచ్చింది. నేను ప్లగ్గు అందుకోబోతే జలపతిరావు గారు, "గా మిషిన్ వద్దుతీ. పెట్టె కొట్టెటాయననే కొట్టుమను," అన్నారు.

తిరుగు బస్సెక్కాం. బస్సు కదలగానే నేనే, "తప్పయింది తమ్మీ. వచ్చేవారం మెట్‌పల్లిల పెండ్లున్నది. డోలక్ తెస్తవా?" అన్నాను.

కొమురెల్లి ఒళ్లోని పెట్టెను దగ్గరకు లాక్కున్నాడు. "తెస్త. గీ పెట్టె గూడ ఇగ నాదే. నీ మిషిన్ నువ్వు మోస్కో."

మందమర్రిలో దిగాక అతను పెట్టె మీద దరువు వేసుకుంటూ ముందు నడిచాడు. తువ్వాలలో చుట్టిన కీబోర్డును నెత్తిన పెట్టుకుని, నేను అతని వెనకే నడిచాను.